బెంగకు మందేమిటి?

సంక్రాంతి పండక్కి మా దర్శి బస్టాండులో ఎంతమంది దిగుతారో, పండగ వెళ్లిన వారం పదిరోజుల్లో అంతమందీ మళ్లీ మూటలు కట్టుకుని బస్సెక్కుతారు. బెంగుళూరు పోయేవాళ్లు కొందరు, హైదరాబాదు పోయేవాళ్లు కొందరు. కురిచేడు స్టేషనుకు పోయి రైలెక్కేవాళ్లు ఇంకొందరు. బేల్దారి పని వచ్చినవాళ్లు మేస్త్రీ వెంట పట్నాలకు పోతారు. ఆ పని రానివాళ్లు గుంటూరు, పల్నాటి వైపు మిరపకోతలకు పోతారు. సాగర్ కుడికాలువ వచ్చాక మావైపు బతుకులు కొంత మారిన మాట నిజమేగాని, కాలువ కిందికి రాని మెట్ట ఇంకా చాలా ఉంది. వచ్చిన భూమికి కూడా నీళ్లందని ఏడు ఉంటుంది. అట్లాంటి ఏడు పత్తి వేసినా మిరప వేసినా చివరికి చేతిలో మిగిలేది అప్పు. కాబట్టి, పిల్లల్ని వదిలి ఎందుకు పోతున్నారయ్యా అని అడిగే హక్కు మనలో ఎవరికీ లేదు.

నేను రాయబోయేది ఆ ఇళ్లల్లో మిగిలిన పిల్లల సంగతి. చంటివాళ్లను తల్లులు చంకనేసుకుని వెంట తీసుకుపోతారు. హైస్కూలు, ఇంటరు చదివే పిల్లలను మాత్రం నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంచి పోతారు. చదువు పాడవకూడదని ఆలోచించి చేసే పనే అది. కాని పండగ వెళ్లిన నెలా రెండు నెలలకు ఆ పిల్లలు ఒక్కొక్కరే మా ఆసుపత్రి మెట్లెక్కడం మొదలవుతుంది.

ఏ జబ్బుతో వస్తారంటారా? కడుపునొప్పి, తలనొప్పి, కళ్లు తిరగడం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం. మగపిల్లలైతే చేతికో కాలికో దెబ్బ. "బెంగగా ఉంది" అని మాత్రం ఇన్నేళ్లలో ఒక్క పిల్లగాని పిల్లవాడుగాని నాతో అనలేదు. బెంగ అనేది చంటిపిల్లలకు వచ్చేదని మన పెద్దవాళ్ల నమ్మకం. రెండేళ్ల పాప తల్లి కనపడక జ్వరం తెచ్చుకుంటే వాడంతా కలిసి "బెంగ పెట్టుకుందమ్మా, తల్లిని పిలిపించండి" అంటారు. పదిహేనేళ్ల పిల్ల అదే బెంగతో అన్నం మానేస్తే పొగరంటారు. పనికి ఎగనామం పెడుతోందంటారు. మరీ మంచివాళ్లయితే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు.

ఒకసారి ఒక నాయనమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల తొమ్మిదో తరగతి. "రోజూ పొద్దుగూకేసరికి కడుపులో నొప్పంటదమ్మా. ఒకాయన స్కానింగు తీయించి ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే నొప్పెందుకొస్తది? మీరన్నా ఒక గట్టి సూది వెయ్యండి డాక్టరమ్మా" అంది. తల్లీ తండ్రీ బెంగుళూరులో బేల్దారి పనిలో ఉన్నారు. ఇంట్లో ఈ పిల్ల, ఇద్దరు తమ్ముళ్లు, చూపు సరిగా ఆనని ఆ నాయనమ్మ.

పిల్లను లోపలి గదిలో కూర్చోబెట్టుకుని, నొప్పి మాట ఎత్తకుండా, పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తావమ్మా అని అడిగాను. నాలుగున్నరకు లేస్తుంది. నీళ్లు పట్టాలి. పొయ్యి మీద అన్నం పడేసి తమ్ముళ్లను లేపి తయారుచెయ్యాలి. తను ఒక గ్లాసు టీ తాగి బడికి పోతుంది. మధ్యాహ్నం బడిలో భోజనం. సాయంత్రం వచ్చాక అంట్లు, బట్టలు, మళ్లీ వంట. అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగిలితే అది తింటుంది. పుస్తకం తెరిచేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది.

"అమ్మ ఫోన్ చేస్తుందా?" అన్నాను.

"రోజూ చేస్తది. తమ్ముళ్లు తిన్నారా, నాయనమ్మ మాత్ర వేసుకుందా అని అడుగుద్ది."

"మరి నిన్నేమడుగుతుంది?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "నన్నేమడుగుద్ది మేడం? చెప్పేది నేనే కదా" అంది.

కంటి కింద రెప్ప తిప్పి చూస్తే తెల్లగా ఉంది. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2. ఆ వయసు ఆడపిల్లకు 12కు తగ్గకూడదు. స్కానింగులో కనపడనంత మాత్రాన ఆ పిల్లకు ఏమీ లేదనడానికి లేదు. ఆమెకు రెండు జబ్బులున్నాయి. ఒకటి రక్తం తక్కువ. రెండోది బెంగ. నొప్పి వచ్చే వేళ ఏదో తెలుసా? తల్లి ఊళ్లో ఉన్న రోజుల్లో చేలో పని ముగించుకుని ఇల్లు చేరే వేళ.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. మనసు వల్ల వచ్చిన నొప్పి అంటే నటన అనుకుంటారు. అది నిజం కాదు. మెదడు నుంచి కడుపుదాకా నరాలున్నాయి. మనసు నలిగినప్పుడు ఆ నరాల ద్వారా పేగుల కదలిక మారుతుంది, మామూలుగా తెలియని కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. పరీక్ష హాల్లోకి పోయే ముందు మీకు కడుపులో తిప్పిందే, అది నటనా? రెండు నిమిషాలు ఉండాల్సింది రెండు నెలలు ఉంటే ఎట్లా ఉంటుందో ఊహించండి. కాబట్టి అట్లాంటి పిల్లను "నీకేం లేదు, లేచి పని చూసుకో" అని కసురుకుంటే నొప్పి పెరుగుతుందేగాని తగ్గదు.

అలాగని ప్రతి కడుపునొప్పినీ బెంగ ఖాతాలో వెయ్యకూడదు. నొప్పి నిద్రలోంచి లేపినా, జ్వరం ఉన్నా, వాంతులు ఆగకపోయినా, బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం పడినా, నొప్పి కుడివైపు కిందికి దిగి అక్కడే నిలిచినా ఆ పూటే డాక్టరుకు చూపించాలి. మూత్రంలో మంట, బహిష్టు నొప్పి, నులిపురుగులు కూడా చూసుకోవాలి. ఇవేవీ కావని తేలాకనే రెండో సంగతి.

రక్తం తక్కువ గురించి ఇంకొంచెం చెప్పాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. తల్లి ఇంట్లో ఉన్న పిల్లలు కూడా ఇందులో ఉన్నారు, నిజమే. కాని తల్లి ఇంట్లో ఉంటే కంచంలో ఏం పడిందో చూసే కన్ను ఒకటుంటుంది. ఆ కన్ను లేనప్పుడు పెద్దపిల్ల తమ్ముళ్లకు గుడ్డు పెట్టి తను చారు పోసుకుంటుంది. ఎవరూ చెప్పకపోయినా అదే పద్ధతి అనుకుంటుంది, తల్లి చేస్తుండగా చూసింది అదే కాబట్టి. బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్ర పారెయ్యకుండా అన్నం తిన్నాక మింగాలి. మలం నల్లగా వస్తుంది, భయపడనక్కరలేదు. మాత్రకు గంట ముందు, గంట తర్వాత టీ తాగకూడదు. టీలో ఉండే వగరు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పిండుకుని తింటే, ఒక జామకాయ తింటే బాగా పడుతుంది. తోటకూర, పెసలు, ఉలవలు, అలసందలు, వారానికి నాలుగు గుడ్లు. టానిక్ సీసాలకు తగలేసే డబ్బుతో ఇవన్నీ వస్తాయి. ఈ పిల్లకు ఉన్నంత తక్కువ ఉంటే మాత్రం వారానికొక మాత్ర చాలదు. డాక్టరు చెప్పిన మోతాదులో రోజూ వాడాలి. నంబరు మామూలుకు వచ్చాక కూడా కొన్ని నెలలు ఆపకూడదు.

ఆడపిల్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక ముచ్చట. తల్లి ఊళ్లో లేనప్పుడు పిల్ల పెద్దమనిషి అవుతుంది. కబురందుకుని తల్లిదండ్రులు పరుగెత్తుకొస్తారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, షామియానా వేసి, ఊరందరికీ భోజనాలు పెట్టి, ఫోటోలు తీయించి, నాలుగోరోజు ఆ అడ్వాన్సు తీర్చడానికి మళ్లీ బస్సెక్కుతారు. ఆ వేడుక ఖర్చు ఆ పిల్లకు రెండేళ్ల పాలకూ గుడ్లకూ వచ్చేది. సరే, వేడుక వద్దని నేను చెప్పినా ఎవరూ వినరు. కాని ఆ నాలుగు రోజుల్లో తల్లి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, నెలనెలా ఏం జరుగుతుంది, గుడ్డ ఎట్లా శుభ్రం చేసుకోవాలి, ఎంత రక్తం పోతే ఎక్కువ పోయినట్టు, ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేస్తే ఏం చెయ్యాలి, ఎవరికి చెప్పాలి అన్నవి చెప్పి పోతే చాలు. ఆఖరి మాట మరీ ముఖ్యం. బయటివాళ్ల నుంచే ప్రమాదం వస్తుందనుకోవడం పొరపాటు. ఇంట్లోకి చొరవగా వచ్చిపోయే మనిషి నుంచి కూడా రావచ్చు. పిల్ల చెబితే తిట్టకుండా వినే మనిషి ఊళ్లో ఒకరుండాలి.

ఈ భయంతోనే చాలామంది ఇంకో తప్పు చేస్తారు. ఆడపిల్లను ఒంటరిగా వదిలి ఎట్లా పోతాం అని పదహారేళ్లకే పెళ్లి చేసి "బాధ్యత తీరింది" అనుకుంటారు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలింది. దేశం మొత్తం మీద ఆ లెక్క 23.3. మనం దేశం కంటే వెనకబడి ఉన్నామని చెప్పుకోవలసిన విషయాల్లో ఇదొకటి. 8.2 రక్తంతో ఉన్న పిల్లకు పెళ్లిచేసి, ఏడాది తిరక్కుండా కాన్పుకు తీసుకొచ్చినప్పుడు మా డాక్టర్ల గుండెలు గుప్పిట్లో ఉంటాయి. ఆడపిల్లను ఇంట్లో ఉంచి పోవడం కుదరదనుకుంటే కస్తూర్బా విద్యాలయాలున్నాయి, సంక్షేమ హాస్టళ్లున్నాయి. జూన్ కు ముందే వెళ్లి సీటు సంగతి కనుక్కోవాలి. పండగ వెళ్లాక, బస్సెక్కే ముందురోజు గుర్తుకొస్తే లాభం లేదు.

ఇక మగపిల్లలు. ఇంటరు రెండో సంవత్సరం చదివే ఒక కుర్రాడిని వాళ్ల తాత తీసుకొచ్చాడు. కుడిచెయ్యి చీలి రక్తం కారుతోంది. బీరువా అద్దాన్ని గుద్దాడట. నోట్లో ఖైనీ వాసన. "అయ్య పంపే డబ్బులతో చెడిపోయాడమ్మా" అన్నాడు ముసలాయన. కుట్లు వేస్తూ మాటల్లో పెడితే తేలిందేమిటంటే, వాడు ఆ ఇంటికి యజమాని. తాతకు ఫోన్ నొక్కడం రాదు కాబట్టి తండ్రి పంపిన డబ్బు వీడి ఫోన్ కే వస్తుంది. కరెంటు బిల్లు వీడే కట్టాలి. తాత బి.పి. మాత్రలు వీడే తేవాలి. వడ్డీకిచ్చినవాడు గుమ్మం ముందుకొచ్చి నిలబడితే సమాధానం వీడే చెప్పాలి. తండ్రి ఉగాదికి వస్తానన్నాడు, రాలేదు. తిరునాళ్లకు వస్తానన్నాడు, రాలేదు. మూడోసారి ఫోన్ లో "ఈ నెల కుదరదురా, బాగా చదువుకో" అన్నాడు. అద్దం పగిలింది అప్పుడు.

ఊరు వాడిని చెడిపోయాడంటుంది. పదిహేడేళ్ల భుజాల మీద నలభై ఏళ్ల మనిషి మోసే బరువు పెట్టి, ఆ పైన బాగా చదువుకోమని చెబితే ఎవరైనా చెయ్యి విసురుతారు. ఆడపిల్ల బెంగ కడుపులోకి పోతుంది, మగపిల్లవాడి బెంగ చేతుల్లోకి వస్తుంది. మగపిల్లవాడు ఏడవకూడదని మనమే నేర్పాం కదా. ఆ రోజు నేను తండ్రితో ఫోన్ లో మాట్లాడాను. అప్పు ఎంతుందో, ఏ నెలకు తీరుతుందో కొడుక్కు ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. రాగలిగిన తేదీ ఒక్కటే చెప్పమన్నాను, అది ఆర్నెల్లయినా సరే. వడ్డీ మనిషితో తానే ఫోన్ లో మాట్లాడుకోమన్నాను. ఆయన విన్నాడు. కుర్రాడు ఖైనీ పూర్తిగా మానాడని చెప్పలేను. కాలేజీకి మాత్రం పోతున్నాడు.

ఇదంతా ఒక్క దర్శి డాక్టరు అనుభవమేనా అంటారేమో. 2018లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రిక, తల్లిదండ్రులు వలసపోగా ఊళ్లో మిగిలిన పిల్లల మీద వివిధ దేశాల్లో జరిగిన 111 అధ్యయనాలను ఒకచోట చేర్చి ప్రచురించింది. రెండు లక్షల అరవై వేలకు పైగా పిల్లల లెక్క అది. ఎక్కువ భాగం చైనావి. తల్లిదండ్రుల దగ్గర పెరిగిన పిల్లలతో పోలిస్తే వీళ్లలో దిగులు జబ్బు 52 శాతం, ఆందోళన 85 శాతం, చచ్చిపోవాలన్న ఆలోచనలు 70 శాతం ఎక్కువగా కనిపించాయి. ఇంటికి డబ్బు వచ్చినందువల్ల పిల్లల ఆరోగ్యం ఫలానా విషయంలో మెరుగైందని చెప్పడానికి ఒక్క ఆధారం కూడా వాళ్లకు దొరకలేదు. ఇది చదివి నేను రెండుమూడు రోజులు దాన్ని గురించే ఆలోచించాను. మరి ఇవే కష్టాల మధ్య నిక్షేపంగా పెరిగిన పిల్లలు మన కళ్ల ముందు లేరా? ఉన్నారు. వాళ్లకూ వీళ్లకూ తేడా ఏమిటి?

మన ప్రకాశం పంతులుగారినే చూడండి. 1972లో ఈ జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. పదకొండేళ్ల ప్రాయంలో తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో భోజనాల ఇల్లు నడిపి పిల్లలను సాకింది. నలుగురికి వండివార్చే తల్లికి, ఎదిగే కొడుకు ఎక్కడ తిరుగుతున్నాడో చూసే తీరిక ఎక్కడిది? ఆకతాయి సావాసాలు, నాటకాల పిచ్చి గురించి ఆయనే తన 'నా జీవిత యాత్ర'లో దాచకుండా రాసుకున్నారు. ఆ కుర్రాణ్ణి చేరదీసింది మిషన్ స్కూలు ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు. తాను రాజమండ్రి వెళ్తూ వెంట తీసుకుపోయి చదివించారు. ఆ కుర్రాడే బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు.

నాకు కనిపించే తేడా అదే. తల్లిదండ్రులు పనికి పోవడం వల్ల ఇంట్లో ఒక స్థానం ఖాళీ అవుతుంది. ఆ స్థానంలో ఫలానా మనిషి ఉన్నాడని పిల్లకు తెలిస్తే తట్టుకుంటుంది. ఎవరూ లేకపోతే ఆ స్థానంలోకి పిల్లే ఎక్కి కూర్చోవలసి వస్తుంది. నాయనమ్మ ఉంది కదా అంటారు. డెబ్బై ఏళ్ల ఆమెకు అన్నం పెట్టడమే గొప్ప. పదహారేళ్ల వాడు రాత్రి పదింటికి ఎక్కడున్నాడో ఆమె ఏం చూస్తుంది? మేనమామో, బాబాయో, పిన్నో, పక్కింటి టీచరమ్మో, ఆశా కార్యకర్తో, ఒక్క మనిషిని ముందుగా అడిగి ఒప్పించి, పిల్లల ఎదుటే "మేం లేనప్పుడు వీళ్లే మీకు అమ్మా నాన్నా" అని ఒప్పజెప్పి పోవాలి. ఊరికే "అందరూ ఉన్నారుగా" అనుకుంటే ఎవరూ లేనట్టే. 2020 మార్చిలో లాక్ డౌన్ పెట్టి బస్సులూ రైళ్లూ ఆపేసినప్పుడు, అట్లా ఒప్పజెప్పిన మనిషి ఉన్న ఇళ్లకూ లేని ఇళ్లకూ తేడా మా ఊళ్లో స్పష్టంగా కనపడింది.

ఆ మనిషి చేతిలో ఆధార్ కార్డుల నకళ్లు, రేషన్ కార్డు, ఎన్టీఆర్ వైద్యసేవకు పనికొచ్చే కాగితాలు (అదే మనం ఆరోగ్యశ్రీ అనేది), ఒక వెయ్యి రూపాయలు, మీరు పనిచేసే చోట మేస్త్రీ ఫోన్ నంబరు ఉండాలి. ఎందుకు చెబుతున్నానంటే, అర్ధరాత్రి అపెండిసైటిస్ తో పిల్లవాడిని తెస్తే, పద్దెనిమిది నిండనివాడి ఆపరేషన్ కు పెద్దవాళ్లు సంతకం పెట్టాలి. బెంగుళూరులో తండ్రి ఫోన్ ఛార్జింగు అయిపోయి ఉంటుంది. కళ్లు కనపడని నాయనమ్మ వేలిముద్ర వెయ్యడానికి భయపడుతుంది. ఆ గంటసేపు మేము పడే బాధ దేవుడికెరుక.

ఉద్యోగస్తుల ఇళ్లవాళ్లు ఇది కూలీల ఇళ్ల సంగతి కదా అని పేజీ తిప్పెయ్యకండి. తండ్రికి బదిలీ అయి ఎక్కడో ఉంటాడు. తల్లి పొద్దున ఏడింటి బస్సుకు పొరుగూరి బడికి పోయి చీకటి పడ్డాక వస్తుంది. పదో తరగతి పిల్ల మెడలో తాళంచెవితో వచ్చి తలుపు తీసుకుని, బిస్కట్లు తిని, ఫోన్ పట్టుకుని సోఫాలో ముడుచుకుంటుంది. ఆ ఇంట్లో రక్తం తక్కువ ఉండకపోవచ్చుగాని బెంగ ఉండవచ్చు. అందుకని తల్లి ఉద్యోగం మానెయ్యాలని నేను రాయను, ఎవరైనా రాస్తే ఒప్పుకోను. తండ్రి పదేళ్లు కువైట్ లో ఉంటే పాపం కష్టపడుతున్నాడంటారు. తల్లి పది మైళ్ల దూరాన బడికి పోతే పిల్లల్ని గాలికొదిలేసిందంటారు. ఇదెక్కడి న్యాయమో నాకు తెలియదు. ఆ ఇంట్లో కావలసింది పిల్ల బడి నుంచి వచ్చాక తల్లి వచ్చేదాకా ఉన్న ఆ మూడు గంటలకు ఒక ఏర్పాటు. ఎదురింట్లో కూర్చుని చదువుకోవడమైనా సరే, గ్రంథాలయమైనా సరే.

ఫోన్ సంగతి అందరికీ వర్తిస్తుంది. రోజూ అయిదు నిమిషాలు హడావిడిగా చెయ్యడం కంటే, వారంలో రెండు రోజులు వేళ తప్పకుండా చేసి ప్రతి పిల్లతో విడివిడిగా మాట్లాడడం మేలు. మొదటి మాట మార్కుల గురించి కాకూడదు. "ఏం కూర?" అని మొదలుపెట్టండి. ఎదురుగా లేని తండ్రి ఫోన్ లో తిడితే ఆ తిట్టు వారంరోజులుంటుంది, ఎందుకంటే సాయంత్రానికి దగ్గరకు తీసుకునే వీలు లేదు. నాకు తెలిసిన ఒక తల్లి హైదరాబాదులో పని దగ్గర రేకుల షెడ్డులో ఉంటుంది. రాత్రి వంటవేళ కూతురికి ఫోన్ చేసి, ఇద్దరూ ఫోన్లు గూట్లో పెట్టుకుని ఎవరి వంట వాళ్లు చేసుకుంటారట. పెద్దగా మాటలేమీ ఉండవు. అక్కడ తాలింపు చిటపట ఇక్కడికి, ఇక్కడ తమ్ముడి ఏడుపు అక్కడికి వినపడుతుంటాయి. ఏ డాక్టరూ చెప్పకుండా ఆమె కనిపెట్టిన వైద్యం అది.

మా పత్తి, మిరప ప్రాంతంలో ఇంకొక విషయం రాయక తప్పదు. ఇంట్లో గూట్లోనో మంచం కిందో పురుగుమందు డబ్బాలుంటాయి. ఈ వయసు పిల్లలకు వచ్చే చచ్చిపోవాలన్న ఆలోచన తరచుగా తాటాకు మంటలాంటిది. భగ్గుమని లేస్తుంది, కాసేపటికి చల్లారుతుంది. ఆ కాసేపట్లో చేతికి డబ్బా అందకపోతే పిల్ల బతుకుతుంది. శ్రీలంకలో బాగా విషమైన పురుగుమందులను నిషేధిస్తూ వచ్చాక, 1995 నుంచి ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. మీరు ఊరు విడిచేటప్పుడు మిగిలిన మందు ఇంట్లో ఉంచకండి. చేను చూసేవారి దగ్గర తాళం పెట్టెలో ఉంచండి. పిల్ల ఎవరితో మాట్లాడకుండా ఉన్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, "నేను లేకపోతే మీకే సుఖం" లాంటి మాట అన్నా తమాషాగా తీసుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అణచుకున్నది బయటికొస్తుంది. 14416 అనే నంబరుకు ఏ వేళప్పుడైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవ అది. పిల్లలు ఏ ఆపదలోనైనా తామే చెయ్యదగిన నంబరు 1098. ఈ రెండూ తలుపు వెనక సుద్దతో రాసిపెట్టండి. ఒకవేళ మందు తాగడం జరిగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, తాగిన డబ్బాను కూడా వెంట తీసుకురండి.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల సంగతి అడుగుతారేమో. తల్లికి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు రాత్రిపూట ఆ పిల్లలు పక్కవీధిలో పిన్ని ఇంట్లో తింటున్నారు. నెలకింత అని తల్లి పిన్నికే డబ్బు పంపుతోంది. పిల్లకు రక్తం మూడు నెలల్లో 10.6కు వచ్చింది. నొప్పి వారానికొకసారి వస్తోంది.

ఇంటరు పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. 2025 జనవరి నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. సిగ్గుపడి తినకుండా బయట పునుగులతో సరిపెట్టుకునే పిల్లలున్నారు. తింటున్నారో లేదో కనుక్కోండి. ఉగాదికి ఊరొచ్చినప్పుడు కొత్త బట్టల కంటే ముందు పిల్లలను దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయి బరువు చూపించి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. దానికి పరగడుపున పోనక్కరలేదు. అన్నం తిన్నాకే తీసుకుపోవచ్చు.